వరక్ దెబ్బ

శాలిబండ బడి, ఎనిమిది బి.
ల్యాబ్ అంటే ఒక బల్ల, ఒక సుత్తి, కుంటి స్టాండు.
ఇటుక మీద గంధకం పెట్టి కొట్టాను.
పొడై నా కుచ్చిళ్ల మీద పసుపు చల్లింది.
అల్యూమినియం తీగను కొట్టాను.
చదునైంది, అంతే. కిక్కురుమనలేదు.
"రాసుకోండి. లోహాలకు స్తరణీయత ఉంటుంది.
అలోహాలు పెళుసు."

చివరి బెంచీలో ఫుర్ఖాన్ లేచాడు.
"ఎంతదాకా సాగుతది టీచర్? ఎన్ని దెబ్బలకు?"

పుస్తకంలో లేదు.

ఆదివారం పత్తర్‌గట్టీ వెనక సందుల్లో వాడి వెంట నడిచాను.
అరుగు మీద వాళ్ల నాన్న,
ముందు రాయి, రాయి మీద తోలు పుస్తకం.
అక్షరం లేని పుస్తకం, పుట పుటకీ ఒక వెండి తునక.
దెబ్బ. దెబ్బ. దెబ్బ.
లెక్కపెట్టడం మొదలుపెట్టి
నాలుగు వందల దగ్గర ఎక్కడో తప్పాను.
ఏప్రిల్ ఎండ. ఫ్యాను మాత్రం వేయరు,
వెండి ఎగిరిపోతుందని.

సుత్తి తల ఇనుము, పిడి కర్ర.
అదురు సగం కర్రే మింగుతుందట, మిగతా సగం భుజం.
కర్ర మూలకం కాదనుకోండి,
పరీక్షలో అలోహమని రాస్తే మార్కు పోతుంది.
పక్కన కుంపట్లో బొగ్గు, చాయ్ కోసం.
దాన్నెవరూ కొట్టరు. కొడితే ఏముంది, మసి.
కాలడానికి పుట్టింది, సాగడానికి కాదు.
అయినా దాని చుట్టమే ఒకటి
పెన్సిల్ ములుకులో దూరి మొన్న మా బల్బు వెలిగించింది.
"మినహాయింపు" అని రాయించాను పిల్లల చేత.
ఎందుకో చెప్పలేనప్పుడు మేం వాడే మాట అది.

ఫుర్ఖాన్ అబ్బా అని పిలవలేదు.
వెనకనుంచి భుజం తట్టాడు.
ఆయన తిరిగి చూసి నవ్వి, ఊపిరి బిగబట్టి
ఒక రేకును నా అరచేతిలో పరిచాడు.
బరువు లేదు. చల్లదనం కూడా లేదు.
చేతి గీతలన్నీ వెండివై కనిపించాయి.
తుడిస్తే పోలేదు, మరింత లోపలికి ఇంకింది.

యూనిట్ టెస్టు, ఏడో ప్రశ్న.
లోహాలకు, అలోహాలకు మధ్య భేదాలు రాయుము.
ఫుర్ఖాన్ పట్టిక గీయలేదు. స్కేలు లేదేమో.
"లోహాలు కొడితే మోగుతయి. అలోహాలు మోగవు.
మా అబ్బాకు రెండూ మోగవు."

నాలుగు మార్కుల ప్రశ్న.
ఎర్ర పెన్ను మూత తీసి కూర్చున్నాను.
బొటనవేలి గీతలో ఇంకా కొంచెం మెరుపుంది.
కింద రోడ్డు మీద
పాత ఇనుం, పాత ఇనుం అని
బండివాడు అరుచుకుంటూ పోయాడు.