ఇరవై నిమిషాల దారి

అమ్రాబాద్ అడవిల, దారి మొదట్ల రేకు బోర్డు:
జలపాతానికి సులువైన నడక, ఇరవై నిమిషాలు.
ఎవరి నిమిషాలో రాయలేదు.

మా అండాలు చిన్నమ్మ బోర్డు చదివి
చీరె కుచ్చిళ్ళు పైకి దోపుకున్నది.
నలభై ఏండ్లు గుంట మగ్గంల కాళ్ళాడించి,
పుట్టినకాడి నుంచి చౌటుప్పల్ దిక్కు బోరునీళ్ళు తాగి,
ఆమె మోకాళ్ళు తుప్పు పట్టిన తలుపు బందులు.
కూసుంటే లేవదు, లేస్తే కూసోదు.
"నడవక ఎన్నొద్దులాయెనో, పా" అన్నది.

దారి చూపనీకె వచ్చిన నిమ్మల బయ్యన్న
ముందుకు పోయిండు, ఆగిండు, మళ్ళ పోయిండు,
కొంతసేపటికి ఆమె నడక నేర్చుకున్నడు.

మాతోని బస్సు దిగిన కాలేజీ పిల్లలు
సెల్‌ఫోన్లు ఎత్తిపట్టి ఉరికిండ్రు.
మేము తునికి చెట్లు దాటకముందే
తడి తలలతోని ఎదురొచ్చిండ్రు.
"ఇంకెంత దూరం బిడ్డా?"
"గీడనే అమ్మమ్మా."
వాళ్ళకు గీడనే.

నల్లమద్ది బెరడు మొసలి వీపు లెక్క పగిలుంది.
ఆ పగుళ్ళల్ల నుంచి చీమలు
ఒక రెక్కను నిలువుగ పట్టుకొని పోతున్నయి,
పెద్ద ఊరేగింపు, మోత లేదు.
ఏగి చెట్టుకు పాత గాటు,
గాటు కింద గడ్డకట్టిన ఎర్ర బంక.
చిన్నమ్మ గోటితోని గీకి, వాసన చూసి,
"నూలుకు అద్దితే నిలుస్తదా ఈ రంగు?"
"ఏమో, మేము పుండ్లకు పెడతం" అన్నడు బయ్యన్న.
ఇద్దరూ ఆ బంకనే చూసుకుంట నిలబడ్డరు,
ఒకరి పని ఇంకొకరికి కొత్త.

పైన కొమ్మల్ల బెట్టుడుత ఒకటి దుంకింది.
నేను చూసేసరికి కొమ్మ మాత్రమే ఊగుతున్నది.

ఆఖరుకు మెట్లు. తడి రాళ్ళు, నాచు.
"వీపు మీద ఎక్కు పెద్దమ్మా,
తేనెకు పోయినప్పుడు ఇంతకంటే బరువు మోసిన."
"నన్ను మొయ్యకు, నీ భుజమియ్యి చాలు."
తాను నేసిన తువ్వాల మడిచి అతని భుజం మీదేసి,
దాని మీద చెయ్యానించి,
ఎండ్రికాయ లెక్క అడ్డం తిరిగి
ఒక్కో మెట్టు, ఒక్కో మెట్టు.
నేను లెక్కపెట్టుడు మొదలుపెట్టి
మధ్యల సిగ్గుపడి మానేసిన.

నీళ్ళు!
గొప్ప ఎత్తేం గాదు, రెండు తాళ్ళంత.
ముఖం మీద తుంపర, చెవుల నిండ మోత.
చిన్నమ్మ చాలసేపు మెడ ఎత్తి చూసింది.
"పడుగు మంచిగ తోడిండ్రు,
ఒక్క పోగు తెగలే.
పేక కొట్టేటోడే రాలే ఇంక."

బయ్యన్న మోదుగాకు దొప్ప కుట్టి నీళ్ళు పట్టిచ్చిండు.
ఆమె నోట్లె పోసుకొని, మింగకుండ
అటు ఇటు తిప్పి చూసింది.
"చప్పగున్నయి" అన్నది.
అరవై ఏండ్ల నాలుక మరి,
ఉప్పనే నీళ్ళ రుచి అనుకున్నది.
ఇప్పుడు మా ఇంటి నల్లాల కృష్ణ వస్తది;
ఆ సంగతి ఎముకలకు ఎవరూ చెప్పలేదు.
చప్పటి నీళ్ళనే ఇంకో నాలుగు దొప్పలు తాగింది.

నేను సీసా మూత తీసిన.
"ఇవి యాడికి పోతయి?" అని అడిగిందామె.
బయ్యన్న లోయ దిక్కు చెయ్యి చూపిండు:
"కిందికి దిగి దిగి కృష్ణల కలుస్తయి."
"అయితే మా ఇంటికే వస్తున్నయి గదా,
మూత పెట్టు. మోసుడెందుకు?
నాకంటే ముందు పోయి కూసుంటయి."
పకపక నవ్వింది. నవ్వితే నడుం నొచ్చింది,
అయినా నవ్వింది.

ఎక్కేటప్పుడు ఎంతసేపు పట్టిందో చూసుకోలే.
చెట్ల మొదళ్ళల్ల చీకటి పడి
పై కొమ్మల్ల ఇంకా ఎండ ఉంది.
బోర్డు కాడికి వచ్చేసరికి ఆఖరు బస్సు డ్రైవరు
హారన్ మీద హారన్ కొడుతున్నడు.
చిన్నమ్మ బోర్డుకే వీపానించి ఊపిరి తీసుకున్నది.

బయ్యన్న తువ్వాల తిరిగి ఇయ్యబోయిండు.
"ఉండనీ కొడుకా," అన్నది,
"ఇంకా ఆరలే."