ఈడుపు

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో
దుప్పటి పరిచి కృష్ణబిలం చెబుదామనుకున్నాను.
నాలుగు కొసలూ నలుగురు పిల్లలు పట్టుకున్నారు,
నడిమధ్య ఇనపగుండు. చుట్టూ గోళీలు తిరగాలి.
గాలి ఒక్క విసురు విసిరింది.
దుప్పటి తెరచాపైంది, గుండు నా బొటనవేలి మీద పడింది,
గోళీలు మురీమిక్చరు బండి కిందికి పోయాయి.
జనం నవ్వారు. ఎప్పుడూ వచ్చే ఆవలింతల కంటే నయం.

"భూమిని నలిపి నలిపి గోళీకాయంత చేస్తే కృష్ణబిలం"
అన్నాను, వేలు పట్టుకునే.
"సూర్యుణ్ణయితే ఈ కాళీ గుడి నుంచి
తెన్నేటి పార్కు దాకా పట్టే బంతిలోకి కుక్కాలి."
నెత్తిన గంప దించకుండానే గనగళ్ల పోలమ్మ అడిగింది:
"కుక్కే సెయ్యి ఎవలిది బావూ?"
దాని బరువుదేనమ్మా.
లోపలి మంట ఆరిపోయాక, నిలబెట్టేది లేక,
మహా బరువైన నక్షత్రం తన మీద తానే కూలిపోతుంది.
మన సూర్యుడికి అంత బరువు లేదులే.

"అయితే అది అన్నిట్నీ మింగేస్తాదా?" అన్నాడో కుర్రాడు.
అవుననబోయాను, చప్పట్ల కోసం.
లైఫ్‌గార్డు పేర్ల దానయ్య
మెడలో ఈల తిప్పుతూ అడ్డొచ్చాడు:
"సముద్రం అందర్నీ మింగుతాదేటి మేస్టారూ?
ఒడ్డున కూకున్నోడికేటవుద్ది?"
ఏమీ కాదు.
సూర్యుడి చోట అంతే బరువున్న బిలాన్ని పెట్టినా
భూమి అదే దారిన తిరుగుతుంది,
చీకట్లో, గడ్డకట్టి, అయినా తిరుగుతుంది.
పాతికేళ్ల పాఠాల్లో ఇంత సూటిగా చెప్పలేదు నేను.

దానయ్య వేలెత్తి చూపించాడు.
రెండు నురగల నడుమ నున్నగా, పచ్చగా ఒక సందు.
"అదే ఈడుపు. అలల్లేవని కొత్తోళ్లు అక్కడే దిగతారు."
నీరు లోపలికి పోయే వేగం
ఈదేవాడి వేగాన్ని దాటే చోటు ఒకటుంటుంది.
నీటి మీద అక్కడ ఏ గీతా ఉండదు.
బిలం అంచూ అంతే, అన్నాను.
అక్కడ ఈదుతున్నది వెలుగు.
వెలుగే ఒడ్డు చేరలేకపోతే ఇంకెవరు చేరతారు?

డాల్ఫిన్ నోస్ మీద దీపం వెలిగింది.
ఆ దీపస్తంభమే బిలంలోకి జారుతోందనుకోండి.
మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎడం పెరుగుతుంది.
తెలుపు పసుపై, ఎరుపై, కంటికందని ఎరుపవుతుంది.
ఒక మెరుపు వస్తుంది. అదే ఆఖరిదని తెలియక
మనం ఇంకోదాని కోసం కాచుకుంటాం.
దీపం కాపలాదారు గడియారం మాత్రం
ఎప్పట్లాగే టిక్కుమంటుంది.

దానయ్య ఈల తిప్పడం ఆపాడు.
"గీత దాటినోడికి తెలుస్తాదా, దాటేనని?"
పెద్ద బిలమైతే తెలియదు. చిన్న కుదుపైనా ఉండదు.
"పోయిన కార్తీకంలో ఒక గుంటడు..." ఆగాడు.
"సెయ్యూపితే ఆడుకుంతన్నాడనుకున్నాను."

జేబులో రాసుకొచ్చిన సూత్రం
జేబులోనే ఉంచుకున్నాను.

అతను లేచి వెళ్లి ఎర్రజెండా పీకి
పది అడుగులు ఉత్తరానికి పాతాడు.
"ఒక్కసోట ఉండదు మేస్టారూ, జరుగుతాది."

పిల్లలు గోళీలు ఏరి తెచ్చారు. ఒకటి తగ్గింది.
భూమంత బరువు,
ఇసకలో ఎక్కడో.