అర మిల్లీమీటరు

మంగళవారం మంగళవారం
నీళ్ళ లారీని కొండెక్కిస్తాను.
తొకొనావో వాగు దాటాక చెట్టన్నది లేదు.
నాలుగువేల మీటర్ల దగ్గర ఇంజను దగ్గుతుంది,
ఐదువేల దగ్గర నేను.

గేటు దగ్గర మార్సియల్ నా వేలికి క్లిప్పు తగిలించి
"ఎనభై ఒకటి. పరిగెత్తకు, ఎర్సీలియా" అంటాడు.
ఇక్కడ పరిగెత్తేది గాలొక్కటే.

తెల్లటి పళ్ళెం.
మా ఊరి గంటగోపురాన్ని అడ్డంగా పడుకోబెట్టొచ్చు అందులో.
అద్దమే అంటారు, మొహం మాత్రం కనబడదు.
చప్పుడు లేకుండా తిరుగుతుంది
ఎవరో పిలిచినట్టు.

గొట్టం తగిలించి లోపలికెళ్ళాను, టీ కోసం.
నిద్రలేక కళ్ళెర్రబడ్డ వాలెస్కా
ముక్కుకి ఆక్సిజన్ తీగతోనే ఎగిరి గంతేసింది:
"ఇవాళ అర మిల్లీమీటరే!"
ఏమిటమ్మా అది?
"మన నెత్తిమీది ఆకాశాన్ని
ఆఖరి చుక్కదాకా పిండితే వచ్చే నీళ్ళ లోతు.
తడి పెరిగిందా, ఇక గుడ్డివాళ్ళమే."

కిటికీలోంచి చూశాను:
నా లారీ కడుపులోంచి వీళ్ళ తొట్టిలోకి
పదివేల లీటర్లు గడగడా దిగుతున్నాయి.

మా ఊళ్ళో నీళ్ళకి గంటల లెక్కన వంతు.
మా మేనత్త ఎయులోహియా వంతు రాత్రి మూడింటికి.
పార పక్కన పెట్టి, చెవి నేలకానించి
కాలవ ఎంత దూరంలో ఉందో చెప్పేది.
అది వచ్చేలోగా నాకు పైన చూపించేది
చుక్కల్ని కాదు, చుక్కల మధ్య నలుపుని.
"అదిగో మెడ. అదిగో పిల్ల, పాలు తాగుతోంది."
నల్ల లామా.

ఇప్పుడు వాలెస్కా తెరమీద
అదే మెడ, నారింజ రంగులో వెలుగుతోంది.
"ఖాళీ అనుకునేవాళ్ళం దీన్ని.
చల్లటి ధూళి. లోపల ఇంకా పుట్టని సూర్యుళ్ళు.
ఇంకా..." గొంతు తగ్గించింది, దిష్టి తగులుతుందేమో అన్నట్టు,
"నీళ్ళు. లెక్కకందనన్ని."

ఖాళీ అని మా అత్త ఎప్పుడూ అనలేదు.
నేనేమీ మాట్లాడలేదు. టీ చల్లారింది.
పదివేలకి సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

గొట్టంలో మిగిలిన నీళ్ళు
నేలకి పోయడం మా అలవాటు, మొక్కు.
వంచబోయి ఆగాను.
ఇవి ఆవిరై పైకెళ్తే?
ఆ పిల్ల అంకె పెరిగితే?
మూత బిగించాను.

మొదటి మలుపు దాటాక,
పళ్ళెం కొండవెనక్కి పోయాక, దిగి
నేలకి ఒక దోసిలి.
ఇంకో దోసిలి, తల ఎత్తకుండానే,
ఆ నల్లదాని పిల్లకి.