సోమవారం దాకా

చౌరస్తా వెనక గల్లీల యాకూబ్ పాషా షాపు.
మిక్సీ జార్ల నడుమ, ఆగిపోయిన గోడ గడియారాల నడుమ,
విరిగిన ఫ్యాను రెక్కకు తగిలేసి ఉన్నది
గదే మోడల్.
వెనక జాలి, నెత్తిమీద తోలు పట్టీ,
సైకిలు దిగకముందే గుర్తువట్టిన.

"తొమ్మిది వేలు" అన్నడు పాషా.
నేను కొన్నప్పుడు నాలుగువేల రెండొందలు,
రెండు నెలల ఓవర్‌టైము.
అమ్మినప్పుడు పదిహేను వందలు.
ఇన్వర్టర్ బ్యాటరీకి గంతే తక్కువవడ్డయి.
ఆ ఎండాకాలం ఇంట్ల ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది,
నేను మాత్రం రాత్రిపూట ఊకె చెవులు తడుముకునేటోణ్ణి,
కండ్లద్దాలు ఎక్కడనో మర్చినోని తీరు.

చేతిలకు తీసుకొని తిప్పి చూసిన.
నా దానికి ప్లగ్గు కాడ నేనే టంకం వెట్టిన,
ఉలువ గింజంత బొడిప ఉండాలె.
లేదు.
దీని వైరుకు ఎవరో ఆకుపచ్చ దారం చుట్టిన్రు,
సందు లేకుంట, ఓపికగ, బెత్తెడు పొడుగు.
ఇది నాది కాదు.
ఇంకెవరో దీన్ని నా లెక్కనే చూసుకున్నరు,
వాళ్ళకు సుత ఏదో ఎండాకాలం వచ్చి ఉంటది.
మెత్తలు ముట్టుకుంటే నల్లగ పొడి రాలింది.

సంగతేందంటే
నా కాడ ఒక క్యాసెట్ ఉన్నది.
పరకాల అవతల, మా చిన్నాయన వాళ్ళింట్ల
పట్నాలేసిన రాత్రి రికార్డు చేసింది.
ఒగ్గు, డోలు, తాళాలు,
కథ చెప్పేటాయన గొంతు పగులుడు, మళ్ళ అతుక్కునుడు.
రెండో పక్క, సగం దాటినంక
డోలు ఒక్క దెబ్బ ఆగుతది.
ఆ సందుల, ఎక్కడనో వెనక, కుడి చెవు దిక్కు
ఒక పిల్ల అంటది: "అవ్వా, నీళ్ళు."
అంతే. మళ్ళ డోలు.

టేప్‌రికార్డర్ డబ్బాల ఆ పిల్ల లేదు.
కొత్త ఇయర్‌ఫోన్లల్ల లేనేలేదు, డోలు గుద్దుడే గుద్దుడు.
గా హెడ్‌ఫోన్ల మాత్రమే ఉండేది.
ఎవరి పిల్లనో, చిన్నాయనకే ఎరుక లేదు.
ఇప్పటికి నలభై దాటి
మోకాళ్ళ నొప్పులు మొదలై ఉంటయి.

ఇరవై రెండేండ్లు కాజీపేట డీజిల్ షెడ్డుల చేసిన.
పోయినేడు చెవుల డాక్టరు కాగితం మీద గీతలు చూపెట్టిండు.
ఎడమ గీత జరంత వంగింది.
కుడిది ఫాతిమానగర్ బ్రిడ్జి దిగినట్టు దిగింది.
పిల్ల కుడి దిక్కే కదా ఉండేది.

పాషా రేడియోకు తగిలించి ఇచ్చిండు. పెట్టుకున్న.
వార్తలు.
చదివేటామె కాగితం తిప్పిన చప్పుడు
వినవడ్డదా,
వినవడాలని నేననుకున్ననా?

సరోజనకు చెప్పిన.
"పాత చెవులకు పాత సామాను, జోడి కుదిరింది తియ్యి" అన్నది.
జరసేపాగి,
"తొమ్మిది వేలు పెట్టి నీళ్ళడిగే పిల్లను తెస్తవా?
బిందె నువ్వే మొయ్యాలె మరి."

కొంటే క్యాసెట్ పెట్టాలె.
పెడితే డోలు ఆగుతది.
ఆగినప్పుడు ఏం వినవడకపోతే
తప్పు దేనిదని ఎవరిని అడగాలె?
కొనకపోతే
ఆ పిల్ల అక్కడనే ఉంటది, డోలు వెనక,
ఎవ్వరూ కాదనరు.
కానీ దూపతోని.

మూడుసార్లు పోయిన షాపుకు.
మూడోసారి ఐదొందలు చేతిల పెట్టిన,
ఇంకెవరికీ ఇయ్యకుమని.
పాషా అట్టముక్క చింపి, స్కెచ్చు పెన్నుతోని రాసి
ఆకుపచ్చ దారానికి గుచ్చిండు:
"రాజమొగిలి సార్, సోమవారం."

ఏ సోమవారమో రాయలే.
నేనూ అడగలే.