ఓరవాకిలి

హౌగెసుండ్‌లో మా చిన్నతాత టోర్లైవ్ ఇంట్లో
ఏ తలుపూ పూర్తిగా పడేది కాదు.
పడగ్గది సందులో పాత తోలు బూటొకటి అడ్డం.
పిల్లి వచ్చేది, ఉప్పుగాలి వచ్చేది,
జనవరిలో మంచు కూడా.
చలి అని గొణిగితే
ఇంకో కంబళి కప్పేవాడు
బూటు మాత్రం తీసేవాడు కాదు.

టార్పెడో తగిలితే చట్రం వంగి
తలుపు బిగుసుకుపోతుందట.
చమురు ఓడలో నాలుగేళ్లు
ఆ బూట్లతోనే పడుకున్నాడట.
ఇది చెప్పింది ఆయన కాదు,
నాయనమ్మ బోర్గిల్.
ఎదుటి గదిలో సీవర్ట్
ఆ రాత్రి చలికి తలుపేసుకున్నాడని
ఆవిడకీ ఒక్కసారే చెప్పాడు,
చేప ముళ్లు ఏరుతూ.

నిన్న పెట్టె మూత బిగించబోతుంటే
నాయనమ్మ ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుంది.
ఎంతకీ వదల్లేదు.
ఒళ్లో బూటు.