ఎర్తు

రోహిణి కార్తె, మధ్యాన్నం రెండు.
కావలి బైపాసు సర్వీసు రోడ్డు మీద
తారు చెప్పుకంటుకుని లేస్తోంది.
రొయ్యపిల్లల బండి ఒకటి
నా రేకుల షెడ్డు ముందు ఆగి రొప్పింది.

పోలయ్య దిగాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.
పాకల హేచరీ నుంచి వాకాడు గుంటలకు
నాలుగు లక్షల పిల్ల,
ఆక్సిజన్ నింపి మూతి బిగించిన సంచుల్లో.
"ఏసీ పట్టినట్టే పట్టి వదిలేస్తాంది నా.
సింగరాయకొండలో చూపిస్తే గ్యాసన్నాడు, కంప్రెసరన్నాడు,
పద్దెనిమిది వేలన్నాడు.
పిల్ల చస్తే వేలు కాదు, లక్షలు."
డబ్బాలో థర్మామీటరు ఇరవై ఏడు చూపిస్తోంది.

నేను గ్యాసు మాటెత్తలేదు.
మా దస్తగిరి సాయిబు నేర్పిన వరస ఒకటుంది:
ఖరీదైన అనుమానం ఆఖర్న.
ముందు ఫ్యూజు. గోటితో లాగి ఎండకు పెట్టి చూశా,
లోపలి వెంట్రుక తెగలేదు.
తర్వాత రిలే. హారన్‌దీ ఏసీదీ ఒకే కాన్పు పిల్లలు,
ఏసీది పీకి జేబులో వేసుకుని
హారన్‌ది దాని గూట్లో కుక్కా.
టక్కుమంది. మళ్ళీ వదిలేసింది.
ప్రెషర్ స్విచ్ ప్లగ్గులో తీగముక్క గుచ్చి ఒక్క క్షణం కలిపా.
అదే టక్కు, అదే వదలడం.

క్లచ్ వైరు ఊడదీసి మీటరు పెడితే
పన్నెండున్నర వోల్టులు, దర్జాగా.
కరిముల్లా, నా దగ్గర పని నేర్చే పిల్లాడు,
"కరెంటు వస్తాంది గదన్నా, కంప్రెసరే పోయింది" అన్నాడు.
రావడం వేరు రా, మోయడం వేరు.
మీటరు నీళ్ళున్నాయో లేవో తొంగిచూసి పోతుంది, తాగదు.
హెడ్‌లైటు బల్బుకు రెండు తీగలు కట్టిన నా పాత టెస్టరు
దాహమేసిన గొడ్డు.
తొట్టిలో ఎంతుందో మూతి పెట్టి చెబుద్ది.
కట్టాం.
బల్బు జ్వరమొచ్చిన కన్నులా ఎర్రబడి ఊరుకుంది.

ఇక చూడ్డం మానేసి విన్నా.
గోనెపట్టా తడిపి బానెట్ అంచున వేసి
దానిమీద చెవి ఆనించా.
టక్కు. క్లచ్ పట్టింది.
నాలుగు సెకన్లు.
రేడియేటరు ఫ్యాను లేచింది,
అది లేచిన గడియే క్లచ్ పడిపోయింది.
మళ్ళీ అంతే. మళ్ళీ అంతే.
ఇద్దరికీ ఇంటికెళ్ళే దారి ఒకటే అయ్యుండాలి,
ఆ దారికి ఎవడో ముళ్ళకంప కొట్టి ఉండాలి.

బ్యాటరీ నెగెటివ్ మీద ఒక ముల్లు, ఛాసిస్ మీద ఒక ముల్లు.
సున్నా ఉండాల్సిన చోట మూడున్నర.

బ్యాటరీ తట్ట కింద, ఎవరూ వంగని చోట,
పదో నంబరు బోల్టు.
పాకల గాలి ఏళ్ళ తరబడి మోసుకొచ్చిన ఉప్పు
దాని చుట్టూ ఆకుపచ్చగా పూసి కూచుంది.
వైరు బిగించే ఉంది. పైకి ఏ లోపమూ లేదు.
బిగింపుకూ ఇనుముకూ మధ్య
కాయితమంత తుప్పు.

ఉప్పును ఉప్పుకాగితంతోనే గీకా.
ఇనుము తెల్లబడేదాకా రుద్ది, వాషరు మార్చి,
రొంత వాజిలైను పూసి బిగించా.

టక్కు.
ఫ్యాను లేచింది.
క్లచ్ పడలేదు.
ముగ్గురం మాట్లాడలేదు.
పైపు మీద చెమట పట్టేదాకా అట్టే నిలబడ్డాం.
ఆ మధ్యాన్నం చల్లటి చెమట దానిదొక్కదానిదే.

ఇరవై ఆరు. ఇరవై నాలుగున్నర.
కరిముల్లా ఒక సంచి ఎత్తి టార్చికి పెట్టాడు:
రెప్పవెంట్రుకల్లాంటివి, వేలు,
వెలుగు మీదికి ఎగబడుతూ.
"ఉండాయన్నా."

"ఎంత నా?"
"రెండొందలు."
పద్దెనిమిది వేల మీంచి రెండొందలకు దిగడానికి
పోలయ్యకు కొంతసేపు పట్టింది.
టీ అన్నా ఆగలేదు.

పొద్దుగూకి షట్టరు దించబోతుంటే ఫోను.
నెల్లూరు చేరాడంట. డబ్బాలో ఇరవై రెండంట.
"అంతా బాగుంది గానీ నా, హారన్ పోయింది.
పెన్న వంతెన మీద గొర్రెల మంద.
తలుపు చరుస్తా, అరుస్తా దాటుకున్నా."

చొక్కా జేబు తడిమా.
నల్లటి డబ్బీ, నాలుగు కాళ్ళు.
"పోలేదు పోలయ్యా," అన్నా,
"నా దగ్గరుంది."