మూడు గంటల నీళ్ళు

పీణ్యలో మోటార్లు చుట్టే మా మునిరత్నం
గుజిరీ అంగడి నుంచి మూడు సోలార్ పలకలు తెచ్చినాడు.
ఒకదాని అద్దం మూలన పగిలి
సాలీడు గూడు పెట్టినట్టుంది.
"ఏమీ గాదక్కా, రవ్వంత తక్కువిస్తాది, అంతే" అని
మిద్దెమీద, మా రేకుల గది పక్కన
దక్షిణానికి వాల్చి కట్టినాడు.

బ్యాటరీ లేదు.
ఇన్వర్టర్ లేదు.
ఎండలోనుంచి ఒక ఎర్ర తీగె, ఒక నల్ల తీగె
తిన్నగా దిగొచ్చి
పాత గీజరు కడుపులోకి దూరినాయి.
ఇంటామె మెట్లమీదనే నిలబడి అడిగింది,
"మధ్యలో ఏమీ వద్దా?"
"టీవీకైతే కావాలమ్మా, ఫ్యానుకైతే కావాల.
వాటికి కరెంటు మర్యాదగా రావాల.
వేడికి మర్యాదెందుకు?
కుంటుతా వచ్చినా, తూలుతా వచ్చినా
వచ్చినంతా నీళ్ళలో కలిపేసుకుంటాది."

మొదటి రోజే హడలి చచ్చినాం.
నీళ్ళు కాగినాక ఆపాల్సిన లోపలి బిళ్ళ
టక్కుమనింది. కరెంటు ఆగలేదు.
విడిపోయిన రెండు కొసల నడుమ
నీలంగా ఒక మంట నిలబడింది.
మునిరత్నం మిద్దెమీదికి పరిగెత్తి
ఆరేసిన నా దుప్పటి లాగి పలకలమీద కప్పినాడు.
ఎండకు ముసుగేస్తేగానీ
అది చావలేదు.

కాలిన వేలు నోట్లోనుంచి తీసి చెప్పినాడు:
"గోడలో వచ్చే కరెంటు సెకనుకు నూరుసార్లు
చచ్చి పుడతాదక్కా.
అది చచ్చే గడియలో స్విచ్చి తప్పించుకుంటాది.
ఎండ కరెంటుకు ఆ చావు లేదు.
ఊపిరి తీసుకోదు. పట్టిందంటే వదలదు."
నాకు నవ్వొచ్చింది.
పొద్దున ఆరింటికి హాజరు పడినాక
మత్తికెరె నాలుగో క్రాసులో చీపురు పట్టిన చెయ్యి
కసువు బండి వచ్చేదాకా ఏం వదులుతుంది?

మరుసటి ఆదివారం
పిడికిలంత బ్రేకరొకటి తెచ్చి బిగించినాడు.
ఆ బిళ్ళను పెద్ద పనిలోనుంచి తీసి
చిన్న పనికి పెట్టినాడు:
నువ్వు సైగ చెయ్యి చాలు, తెంచేవాళ్ళు వేరే.
బ్రేకరు కిందికి నొక్కకుండా
చెంబు ముట్టుకోనని
నాచేత ఒట్టు పెట్టించుకున్నాడు.

ఇంటామెకు ఇంకా అనుమానం తీరలేదు.
"పొద్దున లేని వేడినీళ్ళు ఎందుకే?
మధ్యాహ్నం మూడింటికి
ఎవరు పోసుకుంటారు?"

నేను పోసుకుంటాను.
రెండింటికి నా షిఫ్టు ముగుస్తుంది.
బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంటుంది,
ఎంత రద్దీ అయినా.
కల్యాణ మండపం వెనక విస్తళ్ళు,
కాగితంలో చుట్టకుండా పడేసిన గాజుపెంకు,
చెప్పుకోలేనివి ఇంకా ఎన్నో
గోళ్ళ సందుల్లో ఇంటికి తెచ్చుకుంటాను.
ఈ ఊళ్ళో గీజర్లన్నీ
స్నానం చేసి పనికి పోయేవాళ్ళ గడియారానికి కాగుతాయి.
ఇరవై రెండేళ్ళు
డిసెంబరులో కూడా చన్నీళ్ళే దిమ్మరించుకున్నాను,
గ్యాసు బండ వంటకే చాలదని.

ఇప్పుడు మిద్దెక్కి ముందు పలకలు తుడుస్తాను,
అది అలవాటు, ఎక్కడ దుమ్మున్నా ఊరుకోలేను.
తర్వాత బ్రేకరు నొక్కుతాను.
కుళాయి తిప్పితే పొగలు.
తొలి చెంబు మెడమీద పడినప్పుడు
నోట్లోనుంచి వచ్చిన చప్పుడు
నాదేనా అని తిరిగి చూసినాను.

రెండో బకెట్టు ఈరమ్మది.
ఆమె యశవంతపురం మార్కెట్టు వైపు ఊడుస్తుంది.
బకెట్టు తనే తెచ్చుకుంటుంది,
సబ్బు మాత్రం నాది వాడేస్తుంది.
మూడో బకెట్టుకు నీళ్ళు వస్తే వస్తాయి,
మబ్బు అడ్డం పడితే లేదు.
ఒకసారి గట్టిగానే పోట్లాడుకున్నాం దానికోసం.

మొన్న తుపాను ముసురు.
మునిరత్నం మీటరు పెట్టి చూసి
ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నాడు.
నేను చెయ్యి పెట్టి చూసినాను:
గోరువెచ్చన అనడానికీ లేదు.
చన్నీళ్ళకన్నా
ఒక్క మాట ఎక్కువ.
పోసుకున్నాను.